నొక్కు

అరండల్‌పేటలో మెట్ల కింది గది మా పళ్ళ ల్యాబు.
కొలిమి అంటే నవ్వుతారు, టిఫిన్ క్యారేజీ అంత ఉంటుంది.
లోపల తొమ్మిది వందల డిగ్రీలు.
బయట గుంటూరు మే నెల,
ఏది లోపలో ఏది బయటో చెమటకి తెలీదు.

పొడిని నీళ్ళతో తడిపి కుంచెతో పన్ను కడతాను,
అసలు కన్నా ఐదో వంతు పెద్దగా.
గుర్రం పన్నేంటన్నా ఇది, అంటాడు యోబు.
ఆగరా,
మంటలోకి పోయింది పోయిన సైజులో తిరిగి రాదు.

ఆ పొడిలో గాజు ఎక్కువ, స్ఫటికపు పలుకులు కొన్ని.
పలుకులు మొండివి.
మూలకి మూల ఆనించి కూర్చుంటాయి,
సందుల్లో గాలి దాచుకుంటాయి.
ముందుగా మెత్తబడేది గాజే.
పప్పుచెక్క పోసేవాడికి తెలుసు ఈ విద్య:
పాకం ప్రతి పప్పునీ తడిమి, దగ్గరికి లాగి
సందులో గాలిని బయటికి నెడుతుంది.
గాలి పోయిన చోటల్లా వెలుతురు దూరుతుంది.
సుద్దముక్క పన్నవుతుంది.

చల్లారేటప్పుడు పలుకు ఎక్కువ ముడుచుకుంటుంది, గాజు తక్కువ.
ఇక జీవితాంతం ఆ హద్దు దగ్గర
ఒకటి లాగుతుంది, ఒకటి నొక్కిపడుతుంది.
ఆ తగువే బలం.
పగులు వచ్చినా సూటిగా పోలేక
పలుకు చుట్టూ తిరిగి తిరిగి అలిసిపోతుంది.

ఇవన్నీ ఖాసింబీకి చెప్పాను.
ఆనందపేటలో జాకెట్లు కుడుతుంది,
ముప్పయ్యేళ్ళు దారం కొరికి
ముందు పన్ను అంచున నొక్కు. అక్కడే విరిగింది.
కొత్త పన్ను నాలుగు రోజులకే వెనక్కి తెచ్చింది.
"అంతా బాగానే ఉందయ్యా, దారం తెగట్లా. నా నొక్కేదీ?"
కత్తెర లేదా?
"కత్తెర వెతుక్కునేలోపు రెండు కాజాలు కుడతా."

నొక్కంటే పగులుకి గుమ్మం తెరిచి పెట్టడమే.
తెలిసీ
ఆ రాత్రి భూతద్దం కింద అంచు గీశాను,
ఆవగింజలో సగం.
మళ్ళీ కొలిమిలో పెట్టాను, ఒక్క నిమిషం,
పై గాజు కొంచెం కదిలి
గీత పదును తానే నిమిరేలా.

పై అంతస్తులో డాక్టరమ్మ కుర్చీలోంచి లేవకముందే
కొంగు అంచున దారప్పోగు లాగి కొరికింది ఖాసింబీ.
టిక్.
ఆ చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి.

యోబు లెక్కల పుస్తకంలో రాశాడు:
పన్ను ఒకటి. నొక్కు ఒకటి.
నొక్కు పక్కన డబ్బుల గడి
ఎంత వెయ్యాలో తెలీక వదిలేశాడు.