తలుపు వెనకాల లెక్క

సేమ్యా గడప దాటి ఎరగదు.
తెల్లటి ఒళ్లు, సన్నటి తోక,
విల్లివాక్కంలో ఈ మొదటి అంతస్తు పోర్షనే
దానికి భూగోళం.
మరి ఆ నల్లనివి ఎక్కణ్నుంచి వచ్చాయి?

మెడ కింద బొచ్చు పాయ తీస్తే
ఒకటే పరుగు. వేలు పెట్టేలోగా లేదు.
గోమారి కాదు, అది కరిచి అక్కడే బైఠాయిస్తుంది.
పేను కాదు, పేనుకి దూకడం రాదు.
మా ఇంట్లో మిగిలిన తెలుగులో
దీనికి పేరు దొరకలేదు.
కింది వాటా నిలోఫర్ చెప్పింది:
"తెళ్ళు, అంకుల్. తెళ్ళుపూచ్చి."
పేరు తెలిసిన రాత్రి నుంచి
నా కాళ్లకూ దురద మొదలైంది.

ముందు అనుమానం పిట్టగోడ మీది గండుపిల్లి మీద.
చెవి చిరిగిన రౌడీ.
వాడు కిటికీ ఊచల అవతల కూర్చుంటే
ఇది ఇవతల ముక్కు ఆనిస్తుంది.
ఆ కాసేపు చాలట.
తర్వాత అనుమానం నా మీద నాకే:
స్టేషన్ మెట్ల దగ్గర నేను బిస్కెట్ వేసే కుక్క
రోజూ నా ప్యాంటు అంచుకు వీపు రుద్దుతుంది.
పట్టాలు దాటి, టికెట్ లేకుండా,
నా మడమ పట్టుకుని వచ్చి ఉంటాయి.

డాక్టర్ కయల్విళి
సేమ్యా తోక మొదట్లో దువ్వి
రాలిన మిరియాల పొడి లాంటిదాన్ని తడి దూది మీద అద్దింది.
పొడి చుట్టూ ఎర్రగా పాకింది.
"మట్టి కాదు సార్. దీని నెత్తురే, వాటి కడుపులో అరిగి వచ్చింది.
మీరు దిగేముందు ఇల్లు ఎన్నాళ్లు తాళం వేసి ఉంది?"
నాలుగు నెలలు.
"అంతకుముందున్నవాళ్లకి పిల్లి ఉండేదా?"

ఉండేది. రెండు.
సెల్వనాయకి అని, ఆసుపత్రిలో నర్సు.
నేనెప్పుడూ చూడలేదు.

గచ్చు పగుళ్లలో గూళ్లు అల్లుకుని
నెలల తరబడి పడుకుంటాయట.
వెలుతురుకు లేవవు. ఆకలికి లేవవు.
అడుగుల అదురుకి లేస్తాయి,
ఒంటి వెచ్చదనానికి, వదిలిన ఊపిరికి.
నేను ట్రంకుపెట్టె ధభీమని దించి
"అమ్మయ్య, వచ్చేశామే" అని సేమ్యాతో అన్నప్పుడు
నేలంతా ఎవరెవరో కళ్లు తెరిచారన్నమాట.
మేం పాలు పొంగించకముందే
వాళ్ల గృహప్రవేశం అయిపోయింది.

పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికిందంటారు.
పేరైనా తెలియని దానికి నేను ఇల్లే ఇచ్చాను.

ఇంటాయన దేవసహాయం వేపనూనె అన్నాడు, కర్పూరం అన్నాడు.
రెండూ వద్దంది డాక్టర్:
పిల్లి నాలుక దాని ఒళ్లంతా తిరుగుతుంది,
పైన రాసింది లోపలికే పోతుంది.
కుక్కల మందు అసలే వద్దు,
కుక్కకు మందైంది పిల్లికి మన్ను.
పిల్లుల చుక్కల మందే, తూకం చూసి,
నాలుక అందని చోట, మెడ వెనక.
నెల నెలా.
"మార్గళిలో కూడానా?"
"మద్రాసుకి చలికాలం ఎప్పుడొచ్చింది సార్?"

సాయంత్రాలు ఈర్పెనతో దువ్వుతున్నాను,
పక్కన సబ్బునీళ్ల గిన్నె.
మొదటి రోజు ఇరవై మూడు.
కోచ్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు వెల్డింగ్ చేసిన కళ్లు,
రవ్వ ఎటు దూకుతుందో ముందే తెలిసిన కళ్లు,
ఆవగింజలో సగం లేని దాని ముందు
ఓడిపోయి నీళ్లు కారుస్తాయి.
దుప్పట్లు మరిగే నీళ్లలోకి.
పరుపు మేడ మీదికి, రెండు పగళ్ల ఎండకి.
గచ్చు సందులు పాత టూత్‌బ్రష్‌తో, మోకాళ్ల మీద.
పిల్లి మీద కనిపించేవి నలుగురేనట,
మిగతా ఊరంతా నేలలో ఉందట.

సేమ్యా నన్ను క్షమించలేదు.
మందు డబ్బా చప్పుడైతే చాలు, ఫ్రిజ్ వెనక్కి.

వంటింటి తలుపు వెనకాల
రంగు వేసినవాళ్లు వదిలేసిన చెక్క మీద
పెన్సిల్‌తో ఒక లెక్క ఉంది, తమిళంలో:
పాలు అర, పాలు అర, పాలు ఒకటి
(ఆ రోజు ఏ పిల్లి పిల్లల్ని పెట్టిందో),
పాలు అర. అక్కడితో ఆగిపోయింది.
దాని కిందే నేను తెలుగులో అందుకున్నాను:
పన్నెండో తారీకు, చుక్కలు. దువ్వెనలో తొమ్మిది.
మళ్లీ పన్నెండు, చుక్కలు. రెండు.
ఈ నెల ఒకటి,
అదీ రాసేలోగా దూకింది.