బయోడేటా

స్నాతకోత్సవం పుస్తకంల వెయ్యాలని
వీసీ మేడం బయోడేటా నేనే టైపు చేసిన.
ఆచార్య గాజెంగి అనసూయ, భూగర్భ శాస్త్రం,
ముప్పై ఒక్క ఏండ్ల పాఠం, డెబ్బై పత్రాలు.
ఎర్రపెన్నుతోటి సగం కొట్టేసింది.
"ఇవన్నీ రాళ్ల ముచ్చట్లే గదా, ఐలయ్యా."

నాకు ఎరుకైన ముచ్చట వేరే ఉన్నది.
కుర్చీల కూసున్న తొలిరోజు
ఫైళ్లడగలే, హాస్టల్ మెస్సుకు నడిచింది.
"ఎనభై ఆరుల నూట పద్దెనిమిది రూపాయలు బాకీ.
మెట్‌పల్లిల మా నాయిన మగ్గం ఆగిన నెల.
వార్డెన్ సారు చూడనట్టే సంతకం పెట్టిండు."
ఆ పద్దు చెదలు తిన్నదని మేనేజరు నవ్విండు.
మేడం నవ్వలే. రశీదు రాయమన్నది.

మాపటికి బల్ల మీదికొచ్చినయి
ఫీజు బకాయిలకు పట్టిపెట్టిన సర్టిఫికెట్లు,
బీరువా వాసనతోటి, నాలుగు వందల పదకొండు.
బయట హన్మకొండ బస్సులు బందయినయి.
ఫైనాన్సాఫీసరు గడియారం దిక్కు, నా దిక్కు చూసిండు.
ఇంకు అయిపోతే నా పెన్ను తీసుకున్నది.

బయోడేటా అడుగున చేతిరాతతోటి ఒక లైను కలిపింది:
"బాకీ: ఒక సంతకం."
అచ్చుకు పోయేముందు రిజిస్ట్రార్ సారు
అది తప్పనుకొని తీసేసిండు.
చిత్తు కాయితం నా సొరుగుల ఉన్నది.
పెన్ను మాత్రం ఇంకా రాలే.