షట్టరు సగం దించాక

కాశీబుగ్గ మెయిన్ రోడ్డులో
రాత్రి ఎనిమిదికి షట్టరు సగం దించుతాను.
కింద మిగిలిన సందులోంచి
వంగి వస్తారు పిల్లగుంటలు,
ఏడో తరగతి నించి పదో తరగతి దాకా,
పుస్తకాల సంచుల్లో
కాలిన జీడిపిక్కల వాసనతో.

జెరాక్సు మిషను ఇంకా వెచ్చగానే ఉంటాది.
మంచు రోజుల్లో
దానికి ఆనుకుని కూర్చోడానికి తగువులాడుకుంటారు.

నేను పంతుల్ని కాను.
లెక్కలు నాకంటే సవర మోజేసుకే బాగా వచ్చు.
నాకు వచ్చినదల్లా దరఖాస్తు.
ఏ గడిలో ఏది రాయాలో,
ఏ గడి ఖాళీగా వదిలేస్తే
ఒక ఏడాది దాంట్లోంచి ఎలా కారిపోతుందో.

ఢిల్లీశ్వరి
ఆధార్లో డిల్లేశ్వరి,
బడి రిజిస్టర్లో ఉత్త ఈశ్వరి,
వాళ్ళమ్మ నోట్లో బుల్లి.
"ఇంతకీ నాను ఎవుర్ని అన్నా?" అనడిగింది.
అందరం నవ్వేం.
ఆ నలుగురినీ ఒక్క పిల్లని చెయ్యడానికి
మూడు వారాలు పట్టింది.

ఎనిమిదో తరగతోళ్ళకి సంతకం నేర్పుతాను.
పైల యుగంధర్ సంతకం
సోమవారం పాములా ఉంటాది,
గురువారానికి గాలిపటం.
"ఏదో ఒకటి ఉంచరా బాబూ,
కాలేజీ గుమ్మంలో నువ్వే నువ్వని తెలియాల కదా."
పాడైన కాపీల వెనకపక్క
వరసగా సున్నాలు గీసి ఇస్తాను,
అంచు దాటకుండా నింపమని.
మొదటిరోజు అందరి సున్నాలకీ మీసాలొస్తాయి.

"ఎచ్చెర్ల ట్రిపులైటీలో
అన్నం ఎన్నిసార్లు పెడతారన్నా?"
ఎప్పుడూ ఇదే మొదటి ప్రశ్న.
రెండోది, ఇంగ్లీషు రాకపోతే నవ్వుతారా అని.
ఏం చదువుతారో ఎవరూ అడగరు.
అన్నం సంగతి ముందు చెప్తాను.
నవ్వుతారు, అని కూడా చెప్తాను,
మొదటి మూడు నెలలూ.

మొన్న ఆదాయం సర్టిఫికెట్టుకి
బుల్లి తల్లి తవిటమ్మ వచ్చింది,
షిఫ్టు మధ్యలో, చేతుల బూడిద కొంగుకి తుడుచుకుంటూ.
సచివాలయంలో మిషను మీద వేలు పెట్టింది.
ఎర్ర దీపం.
ఇంకో వేలు.
ఎర్ర దీపం.
పది వేళ్ళూ అయిపోయాయి.

పంతొమ్మిదేళ్ళు పిక్క కొట్టిన చేతులు.
ఆముదం రాసుకున్నా జీడిరసం ఊరుకోలేదు,
ఒక్కో గీతనీ తినుకుంటూ పోయింది.
"నాకు ముద్ర నేదంట బాబూ" అంది,
ఎక్కడో పారేసుకున్నట్టు.
పిల్ల తన వేళ్ళకేసి చూసుకుంది.

కనుపాప తీసే మిషను మందసలో ఉందన్నారు.
ముగ్గురం బస్సెక్కేం.
తవిటమ్మకి ఆ పూట కూలి పోయింది,
ఆ మాట నేను ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.
"రెప్పెయ్యకమ్మా" అన్నాడతను.
వెయ్యలేదు.
అయిపోయిందమ్మా అన్నాక కూడా
కాసేపు వెయ్యలేదు.

నా సంగతంటారా,
తిత్లీ తుపానుకి మా ఇంటి రేకులు ఎగిరిపోయిన రాత్రి
ట్రంకుపెట్టెలో నా కాయితాలు గంజిముద్దయ్యాయి.
మళ్ళీ నకళ్ళు వచ్చేసరికి
సీట్లు నిండిపోయాయి.
అంతే. పెద్ద కథేం కాదు.
అందుకే ప్రతి పిల్లకీ ఒక ప్లాస్టిక్ కవరు ఇస్తాను,
మూతి నొక్కితే చుక్క దూరనిది.
దానికి డబ్బు తీసుకోను.
కాపీకి మాత్రం రూపాయి తీసుకుంటాను,
కరెంటోడు నాకు చుట్టం కాదు కదా.

ఈ రాత్రి ఢిల్లీశ్వరి చెల్లెల్ని తోడు తెచ్చింది.
ఆరో తరగతి. షట్టరు కింద
వంగక్కర్లేకుండానే దూరిపోయింది.
"దీని పేరు ఇప్పుడే సరిసూసీ అన్నా,
నాలాగ తిరగనేదిది."

"ఏటి పేరు?"
"దుంపల లీలాకుమారి."
కొట్టేను.
అది మునివేళ్ళ మీద లేచి
తెరకి ముక్కు ఆనించి
ఒక్కో అక్షరం కూడబలుక్కుంది.
నాకేసి తిరిగింది.

"ఒక దీర్ఘం మర్సిపోయావు."