ఎవరి తరఫున

సంగెం తొవ్వల మా నూలు మిల్లు.
మూడో షెడ్డు ముందట మైకు పెట్టి
నా పేరు పిలిచిన్రు.
చేతిల కార్డు పెట్టి ఫోటో తీసిన్రు.
ఫోటోల నా కండ్లు మూసుకొని ఉన్నయి,
నైట్ షిఫ్టు దిగి ఇంకా గంట కాలే.

ఇరవై ఆరు రోజులల్ల
ఒక్క నాగా లేదట.
పదకొండో నాడు జరమొచ్చిన సంగతి
రిజిస్టరుకు తెల్వది.
గోలి మింగి, చెవులల్ల దూది కుక్కుకొని
తెగిన కాడల్లా దారం అతికేసుకుంట
వణికేది మిషినో నేనో
తెల్లారెదాకా సమజ్ కాలే.

పక్క ఫ్రేము ఓదేలుకు ఇరవై ఐదే.
తక్కువైన ఆ ఒక్క దినం
దవాఖానల కాన్పుల వార్డు మెట్ల మీద కూసున్నడు.
బిడ్డ పుట్టింది. కార్డు పోయింది.
నాకు చప్పట్లు మాత్రం
అందరికన్నా గట్టిగ కొట్టిండు.

మా బాపు కొత్తవాడల జంపఖానాలు నేసేటోడు.
దసరాకు సేటు యాటను కోపిచ్చి
మోదుగాకుల మీద పోగులు పెట్టిచ్చేటోడు.
తక్కెడ లేదు, కంటి కొలతే.
ఏడాదంత పోగు తప్పితే కూలి కోసే సేటు
ఆ ఒక్క పూట పోగుకు పోగు సమానం చేస్తుండె.
మంచోడని గాదు.
మగ్గం కాడ ఒక్కడు అలిగినా
అంచు వంకర వస్తదని ఆయనకెరుక.

ఈ కార్డుకు ముక్క లేదు, బొక్క లేదు.
ఎనుక బూడిదరంగు పట్టీ గోరుతోని గీకాల్నట.
దారానికి అరిగిన గోరు నాది, గీకరాలే.
మా పిల్లగాడు రూపాయి బిళ్లతోని గీకి
అంకెలు సదివి ఎగిరిండు: 'అమ్మా, వెయ్యి!'
కిరాణం వీరేశం అటు తిప్పి ఇటు తిప్పి
'నా గల్లాల ఇది పట్టదు చెల్లె' అన్నడు.
మందుల షాపుల నడువదు.
బడి ఫీజుకు నడువదు.
మార్చి ముప్పై ఒకటి దాటితే
యాడా నడువదు.
పైసలకు గడువుంటదని
అప్పు దిక్కు ఎరుకే గని
ఇనాము దిక్కు ఇదే మొదలు.

ఐతారం బస్సెక్కి హన్మకొండ పోయిన.
ఆడోళ్లకు టికెట్టు లేదు, అదొక్కటి నయం.
దుకాణంల అంత సల్లగాలి.
కుక్కరు పదమూడు వందలు.
చీరలు ముట్టనే లేదు.
ఆఖరుకు మూతున్న ఇస్టీలు గిన్నె ఒకటి,
ఎనిమిది వందల తొంబై తొమ్మిది.
'మిగిలిన నూటొక్కటి?'
'వాపస్ రాదు మేడం.'
ఆ పిల్ల మెడల గూడ ఒక కార్డు, తాడుకు ఏలాడుతున్నది.
'మీకూ ఇస్తరా బిడ్డా గిసొంటియి?'
అటిటు జూసి మెల్లగ అన్నది:
'ఇస్తరక్కా. మాకు వేరే దుకాణంది ఇస్తరు.'
ఇద్దరం నవ్వినం.
ఎనుక లైనుల ఉన్నాయన దగ్గిండు.

చౌరస్తా కాడ పేర్లు కొట్టేటాయన
గిన్నెను ఒళ్లె బోర్లేసుకొని
'ఎవరి తరఫున?' అన్నడు.
పెండ్లి గిన్నెకైనా, కొత్తింటి బిందెకైనా
ఇచ్చినోళ్ల పేరే గదా కొట్టేది.
కంపెనీ పేరు నాలుక దాక వచ్చింది.
పదకొండో నాటి రాత్రి
దానికి అడ్డం నిలవడ్డది.
'సరోజన తరఫున,' అన్న.
'ఎవలకు?'
'దానికింకా పేరు పెట్టలే.
కింద జాగ ఇడిసిపెట్టు.'
సుత్తె ఆపి నా మొఖం జూసిండు.
మల్ల టక్కుటక్కున మొదలుపెట్టిండు.

అక్షరానికి మూడు రూపాయలు, ఎనిమిది అక్షరాలు.
ఈడ గూడ కార్డు నడువదు.
ఇడిసిన జాగకు పైసలు పట్టలే ఆయన.
కొంగు ముడి ఇప్పి ఇరవై ఐదిస్తే
అడుగక ముందే
రూపాయి వాపస్ ఇచ్చిండు.