ఇన్‌వార్డు నంబరు

పొద్దున తిప్పర్తి బస్సు దిగి
గడియారం సెంటర్ల చాయ్ గూడ తాగకుంట వస్త,
పది కొట్టేసరికి వరండ నిండిపోతది గనుక.

ఒక్క పోస్టు.
జూనియర్ అసిస్టెంట్, ఔట్‌సోర్సింగు,
ఏడాది కాలానికి, అవసరమైతే పొడిగింపు.
అవసరం లేకుంటే ఏందో నోటిఫికేషన్ల రాయలె.

దరఖాస్తు తీసుకునుడు నా పని.
జిరాక్సులు లెక్కబెట్టుడు, ఫోటో అతికిందో లేదో చూసుడు,
రిజిస్టర్ల ఎక్కించి, ముద్ర కొట్టి, చీటి చింపి ఇచ్చుడు.
ముద్రల తారీకు రోజూ నేనే తిప్పుత.
మార్చి దగ్గర రబ్బరు అరిగిపోయింది.

మొదటి రోజు రెండు వందల పన్నెండు.
రెండో రోజు లెక్క తప్పి మళ్ల మొదటికొచ్చిన.

కడారి లింగమ్మ, ఎం.కాం., కొండమల్లేపల్లి.
చంకల పిల్ల నిద్రపోతున్నది.
"సార్, టైపు హయ్యర్ పాసైన, పనికొస్తదా?"
బీరువా పక్కన పాత టైపు మిషను ఉన్నది,
దాని మీద మేం టిఫిన్ డబ్బాలు పెట్టుకుంటం.
పనికొస్తది అన్న.

రమావత్ గోప్యా, చందంపేట దిక్కు తండా, బీటెక్.
ఫీజు బాకీకి ఒరిజినల్స్ కాలేజిలనే ఆగినయట.
జిరాక్సుకు జిరాక్సు తెచ్చిండు,
అక్షరాలు బూడిద లెక్క ఉన్నయి.

ఒకాయనకు నలభై ఆరు. వయసు దాటింది అంటే
తెలుసు, అన్నడు.
మిర్యాలగూడ మిల్లుల ఇరవై ఏండ్లు గుమస్తా.
ఇప్పుడు కాంటనే బిల్లు కొడుతున్నది,
లారీ ఎక్కి దిగేలోపు సేటు ఫోన్ల లెక్క పడుతది.
నలుగురు రాసిన కాడ ఒక్క పిలగాడు,
వాడు గూడ మిషను ఆగినప్పుడే.
"వట్టిగనే తీస్కో బిడ్డా,
ఏదో ఒక రిజిస్టర్ల నా పేరు ఉండనీ."
తీసుకున్న.
చివరి గడిల 'వయసు' అని పెన్సిల్‌తోటి రాసిన.

నవ్వితే ఊరు తెలుస్తది మా జిల్లాల.
పండ్ల మీద గోధుమరంగు గీతలు:
మర్రిగూడ, చండూరు, నాంపల్లి.
అడ్రసు చదివే పనే లేదు.
ఫోటోలల్ల మాత్రం అందరూ నోరు మూసుకునే ఉన్నరు.

పగటీలి మెట్ల మీద డబ్బాలు విప్పుకుంట మాట్లాడుకుంటరు.
ఆస్పత్రి కౌంటరుల తొమ్మిది వేలు, రాత్రి డ్యూటీ.
చిట్టీల ఆఫీసుల ఆడపిల్లలే కావాలంట,
ఫోన్ల గొంతు మెత్తగుండాలె గద,
పైసలడిగేది కఠినంగనే అయినా.
ఒకడు నా దిక్కు వంగి మెల్లగ అడిగిండు:
"లోపట ఎవరన్న తెలిసినోళ్లున్నరా అన్నా?"
నేను లోపటనే ఉన్న తమ్మీ,
తెలిసినోళ్లే లేరు.

సూపరింటెండెంట్ మేడం మంచిదే.
"వచ్చే ఏడు ఫైళ్లన్ని కంప్యూటర్లనే నడుస్తయి సైదులు,
తపాలే ఉండదు" అంటది.
అని, ఆ మాటనే నోటు ఫైల్ల పెట్టమంటది.
రంధ్రం పొడిచి, ట్యాగు దారం గుచ్చి
ముడి నేనే ఏస్త.

ఆఖరు రోజు. ఐదు కావస్తున్నది.
ఫ్యాను చప్పుడొక్కటే.
సొరుగు తీసి నా కవరు బయటపెట్టిన.
నాలుగేండ్ల అనుభవం, ఏజెన్సోడు రాసిచ్చింది.
అండ్ల జీతం పందొమ్మిది వేలు, చేతికొచ్చేది పదమూడు,
నడుమ పోయినదానికి ఇన్‌వార్డు నంబరు లేదు.
ఏ కుర్చీ కోసం ఇదంతనో
అది నా కింద కిర్రుమన్నది.

జిరాక్సులు లెక్కబెట్టిన.
ఫోటో అతికింది. నోరు మూసుకునే ఉన్న.
మూడు వేల నూట తొమ్మిది, కట్టెబోయిన సైదులు.
ముద్ర కొట్టి, చీటి చింపి,
ఇచ్చినవారి సంతకం అన్నకాడ పెట్టిన,
తీసుకున్నవారి సంతకం అన్నకాడ పెట్టిన.
రెండూ ఒక్క తీర్గ రాలె.

చీటి జేబుల ఏసుకొని కిటికి రెక్క గుంజుతుంటే
మెట్ల మీద ఎవరిదో ఉరుకుడు.
"ఆగుండ్రి సార్, దేవరకొండ బస్సు లేటయింది!"
గోడ గడియారంల ఐదు దాటి నాలుగు నిమిషాలు.

ముద్రను మళ్ల సిరాల అద్దిన.