బాధ్యుడు

ఆఖరి పడవ పలక లేపుతుంటే
హారన్ మీంచి చెయ్యి తీయకుండా దిగాను రేవులోకి.
నొల్బెర్తో తిట్టుకుంటూనే మళ్ళీ దించాడు.
"ఏముందిరా అందులో, శవమా?"
"ఇంకా కాదు," అంది ఒతీలియా.
ఒళ్ళో ఉన్ని దుప్పటి, దుప్పట్లో ముర్తా.
కుక్కకి టికెట్టు అక్కర్లేదన్నాడు.
ఆ రాత్రి మాకు దొరికిన ఉపకారం
దాదాపు అదొక్కటే.

కాస్త్రోలో మొదటి ఆస్పత్రికి షట్టరు వేసుంది.
దాని మీద అత్యవసర నంబరు,
చివరి అంకెని వాన నాకేసింది:
ఒకటో, ఏడో.
ఒకటికి చేస్తే ఒక రొట్టెలావిడ నిద్రలేచి
మా వంశాన్నంతా పేరుపేరునా పలకరించింది.
ఏడుకి చేస్తే రికార్డు గొంతు.
అత్యవసరమైతే ఈ నంబరుకి చేయండి, అంటూ
మేం చేసిన నంబరునే
తాపీగా, అంకె అంకె చదివింది.
రెండుసార్లు విన్నాం.
ఒతీలియా మూడోసారీ వింటానంది,
మధ్యలో మనిషెవరైనా మాట్లాడతారేమోనని.

రెండోచోట దీపం కనబడి ప్రాణం లేచొచ్చింది.
కిటికీ తెరిచిన కుర్రాడి చొక్కా మీద
సాల్మన్ కంపెనీ బొమ్మ.
"డాక్టర్నే. కానీ చేపలకి."
పన్నెండు పంజరాలట, ఎనిమిది లక్షల చేపలట,
ప్రతి చేపకీ లెక్క ఉందట, టీకా ఉందట.
పాపం, వానలోకొచ్చి టార్చి వేసి చూశాడు.
చిగుళ్ళు తెల్లబడ్డాయన్నాడు.
"ఆంకుద్ పోండి, త్వరగా,"
మేమేదో షికారుకొచ్చినట్టు.

ఎనభై కిలోమీటర్లు.
వైపరు ఒకటే తిరుగుతుంది, నా వైపుది కాదు.
ముర్తా ఊపిరి
తడికట్టెలు అంటుకోలేక చేసే చప్పుడు.
ఒతీలియా దానితో మాట్లాడుతూనే ఉంది:
ఈ ఏటి బంగాళాదుంపల గురించి, చలికి పోయిన గొర్రెపిల్ల గురించి,
ఇంటికెళ్ళాక పెట్టబోయే ఎముక గురించి.
నాతో ఒక్కటే అంది:
"నీ కోళ్ళని తిన్నదాని కోసం
ఇంత దూరం వస్తావనుకోలేదు, ఎవారిస్తో."
నేను గేరు మార్చాను,
మార్చక్కర్లేని చోట.

ఆంకుద్. తెల్లటి గది. రెండూ పది.
బల్ల వెనక అమ్మాయి కుక్కని చూడకముందే
కార్డు అడిగింది. మూడు లక్షల పెసోలు, ముందుగా.
ఒతీలియా రుమాలు విప్పింది:
నలభై రెండు వేలు, ఒక పాత బస్సు టికెట్టు, ఒక గుండీ.
"రూలండీ," అంది అమ్మాయి, కంప్యూటరుతో.

విత్తనపు దుంపలకి దాచిన డబ్బు
నా కోటు లోపలి జేబులో ఉంది.
బయల్దేరేటప్పుడే పెట్టుకున్నాను.
ఎందుకు పెట్టుకున్నావని ఆమె అడగలేదు.

తర్వాత కాగితం.
పేరు. వయసు. రంగు.
గాయం ఎలా అయింది?
"ఎవడో. చర్చి మలుపులో, పొగమంచులో.
ఆగకుండా పోయాడు."
గుర్తు తెలియని వాహనం, అని రాసుకుంది అమ్మాయి
గుండ్రటి అక్షరాలతో.

ఆగకుండా అన్నది అబద్ధం. ఆగాను.
దిగలేదు.
అద్దంలో ఏమీ లేదు, నా లైట్లకి మంచు ఎర్రబడి ఉంది.
గొర్రె అనుకున్నాను.
లేదు, అదీ అనుకోలేదు.
ఇల్లు చేరి బంపరు కడుగుతుంటే
ఆమె లాంతరుతో గేటు దగ్గరికొచ్చింది:
నీ బండి కావాలి.

స్ట్రెచరు కదులుతుంటే ముర్తా తలెత్తింది.
నా వైపే.
పళ్ళు చూపించలేదు, గొంతులోనే
సన్నగా గుర్రుమంది.
"నొప్పి దానికి," అంది ఒతీలియా. "నీ మీద కాదులే."

అమ్మాయి కాగితం నా వైపు తిప్పి కలం ఇచ్చింది.
అడుగున ఒక గీత. గీత కింద చిన్న అక్షరాల్లో:
బాధ్యుడు.
"డబ్బు కట్టినవాళ్ళు చెయ్యాలి. అంతే,
ఇంకేం అర్థం లేదు దానికి."

కలం రాయలేదు. విదిలించాను. రాసింది.
సంతకం పెట్టాక తిరిగివ్వబుద్ధి కాలేదు.
చూపు అదంతటదే పైకి పోయింది,
ఆ గుండ్రటి అక్షరాల దాకా.
నా భుజం పక్కనే నిలబడి ఉంది ఒతీలియా.
ఆమెకి చదవడం వచ్చు.