కాటా లేని దారి

చీమకుర్తిలో దుమ్ము రాత్రిపూట కూడా తెల్లగానే ఉంటుంది.
ఖాజావలి అమ్మిన పాత కంప్యూటరు మూత విప్పి
రోజూ గుడ్డతో తుడుస్తాను.
నాలుగు జీబీల చిన్న కడుపు దానిది.

లారీ ఆట. మొదట్లో అందులో
ఏదో దేశపు నున్నటి రోడ్డు,
సెకనుకు అరవై ఫ్రేములు,
నీళ్ల మీద నూనెలా జారేది.

మాడ్లు దొరికే చోటొకటుంది. ఒక్క నొక్కు నొక్కితే
అవే దిగుతాయి, అవే ఆటలోకి ఎక్కుతాయి,
మనం నిద్రపోతుంటే అవే కొత్తవైపోతాయి.
ఏది ఎంత బరువో ఎవరూ తూచరు.
ఆ దారిలో కాటా లేదు.

ముందు హారన్. తర్వాత బంపరుకు నిమ్మకాయలు, మిరపకాయలు.
తర్వాత నాయన లారీ నంబరు, వెనక డాలా మీద
పెయింటరు వత్తు తప్పుగా పెట్టిన "నిధానమే ప్రధానం".
ఆనక ఒంగోలు రోడ్డు మొత్తం:
సంతనూతలపాడు మలుపు, పేర్నమిట్ట టీకొట్టు,
అడ్డమొచ్చే బర్రెలు, బర్రెకో నీడ.
నల్లరాతిలో బంగారు చుక్కలు,
ఆ మెరుపొక్కటే రెండొందల ఎంబీ.

అరవై నలభై అయింది. పేర్నమిట్ట దాటేసరికి పదకొండు.
చక్రం ఆగేది, ఏదో గుర్తొచ్చినట్టు మళ్లీ తిరిగేది.

కాలి కట్టుతో మంచం మీంచి చూస్తున్నాడు నాయన.
"ఓవర్‌లోడమ్మే. పట్టీలు వంగినాయి.
ఒక్కోటీ దించు."

బర్రెల నీడలు దించాను. పదకొండే.
దుమ్ము దించాను. పన్నెండు.
రాతి మెరుపు తీసేస్తుంటే
నాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

అర్ధరాత్రి దొరికింది దొంగ.
నలభై కేబీ. అన్నిట్లోకీ చిన్నది.
ఎడమ సీట్లో ఎర్ర తువ్వాలుతో
క్లీనరు బ్రహ్మయ్య.
నేనే పట్టుబట్టి ఖాజావలి చేత రాయించాను.
బండి తిరగబడిన నెలకి.

ప్రతి ఫ్రేముకీ ఆట అంతా వెతికి
ఒకటే అడుగుతోంది:
సీట్లో ఉన్నాడా?
ఉన్నాడా?
జవాబొచ్చేదాకా
బర్రెలూ, రోడ్డూ, ఆకాశం, అన్నీ నిలబడతాయి.

తీసేశాను. అరవై.
"రోడ్డు బాగుంది" అన్నాడు నాయన.
టీకొట్టు రాకముందే గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తెల్లారి కాఫీ గ్లాసు పట్టుకుని అడిగాడు.
"వాణ్ణి ఎక్కించు. పదకొండైతే పదకొండు.
బండ రాయేసుకుని మేమెప్పుడు ఉరికాం?"

తలుపు తీసినప్పుడు ఒక్కసారి అడిగితే చాలంట,
రెండు వరసలు మార్చితే సరిపోతుందని ఖాజావలి చెప్పాడు.
కాయితం మీద రాసిపెట్టుకున్నా.
ఇంకా మార్చలేదు.